బొట్టు చోట మచ్చ



భద్రాచలం వెళ్ళినవాళ్ళు రాములవారి దర్శనం కాగానే పర్ణశాల కూడా చూసుకుని గాని ఇంటిముఖం పట్టరు. భద్రాచలానికి ముప్ఫయి అయిదు కిలోమీటర్ల దూరాన, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డున ఉన్న ఊరది. అక్కడ సీతవాగు ఉంది. వనవాసంలో సీతమ్మ ఆ వాగులో స్నానం చేసి బండల మీద చీర ఆరవేసుకునేదనీ, అక్కడి రంగురాళ్ళ నుంచే పసుపూ కుంకుమా తీసుకునేదనీ చెప్తారు. బండల మీది చారలు చూపించి "ఇవిగో అమ్మ చీర గుర్తులు" అంటారు. అడవిలో ఉన్నా, కట్టుకోవడానికి నారచీరే అయినా, సీతమ్మ బొట్టు మాత్రం మానలేదన్న మాట. మన ఆడవాళ్ళు ఆ రాళ్ళ దగ్గర కాసేపు నిలబడకుండా ఉండలేరు.

నేనూ మా పెద్దవదినగారూ కలిసి వెళ్ళాం. ఎండకి ముఖం మండిపోతోందని వదినగారు వాగునీళ్ళతో కడుక్కున్నారు. స్టిక్కరు బొట్టు ఊడి నీళ్ళలో పడింది. వెంటనే చెంగుతో నుదురు కప్పుకున్నారు గాని నేను చూడనే చూశాను. కనుబొమల మధ్య రూపాయి బిళ్ళంత మేర చర్మం తెల్లబడి ఉంది. దాని చుట్టూ బూడిద కలిసిన నలుపు.

"డాక్టరుకి చూపించారా వదినా?" అన్నాను.

"చూపిస్తే ఏమంటాడో తెలియదూ? బొట్టు మానెయ్యమంటాడు. మీ అన్నయ్య నిక్షేపంలా ఉండగా ఉత్తి నుదుటితో ఎట్లా తిరగమంటావు?" అన్నారు.

ఈ మాట చాలా ఇళ్ళలో వినిపించేదే. మోచేతి మీద మచ్చ వస్తే వారం తిరక్కుండా చూపించుకుంటాం. బొట్టు చోట మచ్చ వస్తే మాత్రం దాచుకుంటాం. దాచడానికి ఇంకాస్త పెద్ద బొట్టు పెడతాం. దానితో మచ్చా పెద్దదవుతుంది. అందుకని ఈ రోజు ఈ మచ్చ ఎందుకొస్తుందో, దాని మీద వైద్యులు ఏం కనిపెట్టారో, బొట్టుకి దూరం కాకుండా ఎట్లా బాగుచేసుకోవచ్చో చెప్పుకుందాం.

ముందు వదినగారి కథ పూర్తిగా వినండి. ఆవిడ పెళ్ళయినప్పటి నుంచీ బజారు కుంకుమే పెట్టుకునేవారు. ఇరవై ఏళ్ళు ఏమీ కాలేదు. ఒక వేసవిలో బొట్టు చోట దురద మొదలైంది. తరువాత ఎరుపు, ఆ తరువాత నలుపు. నలుపు కనపడకుండా స్టిక్కరు బొట్టుకి మారారు. రెండేళ్ళకి దాని కింద తెలుపు మొదలైంది. ఈలోగా ఎవరో చెప్పారని మందుల దుకాణంలో ఒక ట్యూబు కొని ఏడెనిమిది నెలలు రాశారు. చుట్టూ చర్మం పలచబడి సన్నని ఎర్రని నరాలు తేలాయి. అంటే, ఒక్క నుదుటి మీద మూడు జబ్బులు! మూడింటికీ కారణాలు వేరు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది కుంకుమ. అసలు కుంకుమ ఎట్లా తయారవుతుందో మన అమ్మమ్మలకి తెలుసు. పసుపుకొమ్ములు నిమ్మరసంలో నానబెట్టి, వెలిగారం, పటిక కలిపి, నీడన ఆరబెట్టి, దంచి జల్లించేవారు. పసుపులో కుర్కుమిన్ అనే రంగు పదార్థం ఉంది. పసుపు మరక పడ్డ బట్టకి సబ్బు రుద్దితే ఎర్రబడుతుంది కదూ? క్షారం తగిలితే కుర్కుమిన్ ఎర్రబడుతుంది. అట్లాగే పులుపు ఉన్నచోట వెలిగారంతో కలిసినప్పుడు కూడా ఎరుపు వస్తుంది. ఇంటి కుంకుమ ఎరుపు అదే.

బజారులో దొరికే కుంకుమల్లో చాలావాటి ఎరుపు పసుపు వల్ల వచ్చింది కాదు. ఏదో ఒక తెల్లపొడికి రసాయనిక రంగు పట్టిస్తారు. వీటిలో అజో రంగులనే జాతి ఒకటుంది. ఇవి కొందరి చర్మానికి పడవు. పుదుచ్చేరిలోని జిప్మర్ వైద్యులు కుంకుమ వల్ల చర్మవ్యాధి వచ్చిన 46 మందిని పరిశీలించి 2007లో వివరాలు ప్రచురించారు. అంతకు ముందే, 1986లో, సింగపూరులోని మన స్త్రీలకి కుంకుమ వల్ల వచ్చిన నల్లమచ్చల గురించి అక్కడి వైద్యులు రాశారు. కాబట్టి ఇది ఏ ఒక్కరికో వచ్చిన వింతరోగం కాదు. పాపం చేస్తే వచ్చేది అంతకంటే కాదు.

"ఇరవై ఏళ్ళు పడింది, ఇప్పుడు ఎందుకు పడదు?" అని అడుగుతారు. అందరూ అడిగే ప్రశ్నే ఇది. మన ఒంట్లో కాపలా కణాలు ఉంటాయి. బయటి పదార్థం చర్మంలోకి దిగితే అవి దాన్ని పసిగడతాయి. కొందరిలో ఎప్పుడో ఒకనాడు అవి ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఆ రోజు ఏదో ముందుగా ఎవరూ చెప్పలేరు. మొదటి నెలలోనే కావచ్చు, ఇరవయ్యో ఏట కావచ్చు. ఒకసారి గుర్తుపెట్టుకున్నాయా, ఇక మరచిపోవడం అరుదు. ఆ పైన ఎప్పుడు తగిలినా ఒకటి రెండు రోజుల్లో దురద, ఎరుపు, సన్న పొక్కులు వస్తాయి. ఈ రోజు పెట్టుకున్నదానికి ఎల్లుండి దురద రావడం వల్ల, ఏది పడలేదో మనకి తట్టదు. నిన్న తిన్న వంకాయ మీదకి నెపం తోసేస్తాం.

దురద లేకుండా నేరుగా నల్లమచ్చ వచ్చే తీరు కూడా ఉంది. లోలోపల మెల్లగా వాపు నడిచి, చర్మం పైపొరలో ఉండవలసిన రంగు కింది పొరలోకి జారిపోతుంది. అక్కడికి దిగిన రంగు ఏ సున్నిపిండితో రుద్దినా రాదు. కారణాన్ని తొలగించాక కూడా నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు పడుతుంది. అందుకే తొందరగా పట్టుకోవాలి.

ఈ నల్లమచ్చ గురించి జపాను అనుభవం చెప్పుకోదగ్గది. 1970ల నాటికి అక్కడ అనేకమంది స్త్రీల ముఖాలు గోధుమ, నలుపు రంగులకి మారిపోతుండేవి. ఏళ్ళ తరబడి కారణం తేలలేదు. చివరికి ఒక్కొక్క రోగి వాడే వస్తువులతో చర్మపరీక్షలు చేస్తే, అలంకరణ సామగ్రిలోని ఒక ఎర్రరంగులో కలిసివున్న సూడాన్-1 అనే పదార్థం దొరికింది. మరికొన్ని సువాసన పదార్థాలూ దోషులుగా తేలాయి. 1977 నుంచీ అక్కడి తయారీదారులు అటువంటివాటిని తీసివేస్తూ వచ్చారు. జబ్బు బాగా తగ్గిపోయింది. ఇక్కడ మందు గెలవలేదు, కారణం కనిపెట్టడం గెలిచింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

రెండవది స్టిక్కరు బొట్టు కింద తెలుపు. దీనికి రంగుతో సంబంధం లేదు, జిగురుతోనే. కొన్ని జిగుర్లలో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే పదార్థం ఉంటుంది. మన చర్మానికి రంగునిచ్చే కణాలను అది దెబ్బతీస్తుంది. బొట్టు జిగురులోని ఈ పదార్థమే తెల్లమచ్చకి కారణమని మనదేశపు వైద్యులు 1990లో ఒక పరిశోధన పత్రంలో చూపించారు. ఇటువంటి మచ్చ సంగతి మొదట బయటపడింది 1939లో, అమెరికాలో. ఒక తోళ్ళ కర్మాగారంలో రబ్బరు చేతితొడుగులు వేసుకుని పనిచేసేవాళ్ళ చేతులు, తొడుగు ఎంతవరకు ఉందో అంతవరకు తెల్లబడ్డాయి. రబ్బరులో కలిపిన ఒక రసాయనం వల్ల అని తేలింది.

కలకత్తా వైద్యులు ఇట్లా రసాయనాల వల్ల తెల్లమచ్చలు వచ్చిన 864 మందిని పరిశీలించి 2009లో ప్రచురించారు. నూటికి సుమారు 27 మందికి కారణం జుట్టుకి వేసే రంగు. 12 మందికి స్టిక్కరు బొట్టు. 9 మందికి రబ్బరు చెప్పులు. సెంట్లూ, బట్టలుతికే పొడులూ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. తెల్లమచ్చ కనపడగానే "అమ్మో, బొల్లి! పిల్లకి పెళ్ళెట్లా?" అని గుండెలు బాదుకునే ముందు ఆ చోట ఏం తగులుతోందో చూడండి. మచ్చ బొట్టంత గుండ్రంగా ఉందా? చెప్పు పట్టీ మేరకే ఉందా? ఆకారమే సగం సాక్ష్యం చెబుతుంది.

అయితే ఇంట్లోనే తీర్పు చెప్పుకోకండి. అసలైన బొల్లి కూడా నుదుటి మీద రావచ్చు. రాలిన ఆకు రంగులోనో ఎర్రగానో ఉండి, తాకినా గుచ్చినా తెలియని మచ్చ అయితే అది కుష్ఠు కావచ్చు. దానికి మంచి మందులున్నాయి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు, ఆలస్యం చెయ్యకపోతే అవకరం లేకుండా నయమవుతుంది. కాబట్టి ఏ మచ్చయినా ఒకసారి చర్మవైద్యులకి చూపించడం మంచిది.

వెళ్ళేటప్పుడు ఒక పని చెయ్యండి. మీరు వాడే కుంకుమ భరిణె, స్టిక్కరు బొట్ల అట్ట, తిలకం సీసా, తలనూనె, జుట్టు రంగు పెట్టె అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. సిగ్గుపడకండి. వైద్యులకి అవే ఆధారాలు.

వాళ్ళు చేసే పరీక్షని ప్యాచ్ టెస్టు అంటారు. దీన్ని 1895లో యాడస్సోన్ అనే జర్మన్ వైద్యుడు లోకానికి చూపించాడు. నూట పాతికేళ్ళు దాటినా ఈ పనికి దీన్ని మించిన పరీక్ష ఇంకా రాలేదు. సూది ఉండదు, నెత్తురు తియ్యరు. అనుమానమున్న పదార్థాలను రవ్వంత చొప్పున చిన్న చిన్న మూకుళ్ళలాంటివాటిలో పెట్టి, వీపు పైభాగాన పట్టీతో అంటిస్తారు. రెండు రోజులు అట్లాగే ఉంచాలి. ఆ రెండు రోజులూ వీపు తడపకూడదు, చెమటపట్టే పని చెయ్యకూడదు. పట్టీ తీశాక ఒకసారి, మరి ఒకటి రెండు రోజులు ఆగి ఇంకొకసారి చూస్తారు. ఏ గడి కింద చర్మం ఎర్రబడి పొంగిందో అదే మీకు పడని పదార్థం. మనదేశంలో ఎక్కువగా బాధపెట్టేవాటిని ఏర్చి ఒక వరుస తయారుచేశారు. నికెల్, జుట్టురంగు రసాయనం, సెంట్లు, ఆఖరికి పొలాల్లో మొలిచే వయ్యారిభామ మొక్క కూడా అందులో ఉన్నాయి. వాటితోపాటు మీ భరిణెలోని కుంకుమ కూడా పెట్టమని అడగండి. హైదరాబాదు ఉస్మానియా, గాంధీ, వరంగల్లు ఎం.జి.ఎం., విశాఖ కె.జి.హెచ్. వంటి పెద్ద ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. ఈ పరీక్ష ఏ రోజున చేస్తారో ముందుగా కనుక్కుని వెళ్తే తిరుగుడు తప్పుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ప్యాచ్ టెస్టు పడనిదాన్ని పట్టిస్తుంది గాని, జిగురు వల్ల వచ్చే తెలుపుని ప్రతిసారీ పట్టించలేదు. దానికి వైద్యులు మచ్చ తీరును చూసి, మీ అలవాట్లు అడిగి నిర్ణయిస్తారు.

ఇక మూడవది, ఆ ట్యూబు. ఎర్రదనాన్ని, దురదనీ ఇట్టే తగ్గించే ఆ మందుల్లో ఉండేది స్టెరాయిడ్. చర్మం మీద రాసే హైడ్రోకార్టిసోన్ 1952లో మొదలై వైద్యానికి గొప్ప ఉపకారం చేసింది. అది మంచి మందే, అందులో అనుమానం లేదు. ఎన్ని రోజులు, ఎంత బలమైనది, ఎక్కడ అన్నది వైద్యులు చెప్పవలసిన మాట. ముఖం చర్మం పలచన. బలమైన స్టెరాయిడ్ నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పలచబడుతుంది, ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలు లేస్తాయి, కొందరికి ముఖం మీద నూగు పెరుగుతుంది. మానేస్తే రెండింతల మంట. ఆ మంటకి భయపడి మళ్ళీ రాస్తాం. అదొక వలయం.

మనదేశంలో 12 కేంద్రాల చర్మవైద్యులు కలిసి, ముఖం మీది జబ్బులతో వచ్చిన 2926 మందిని విచారించి, 2011లో ఆ లెక్కలు ప్రచురించారు. వాళ్ళలో 433 మంది, అంటే నూటికి పదిహేను మంది ముఖానికి స్టెరాయిడ్ రాసుకుంటున్నారు. అందులో సగంకంటే ఎక్కువమందికి ఆ మందు చెప్పింది డాక్టరు కాదు. స్నేహితురాలో, చుట్టాలో, దుకాణం కుర్రాడో చెప్పారు. కొందరికయితే అది మందని కూడా తెలియదు, తెల్లబడే క్రీమని రాసుకున్నారు. ఆ తరువాత 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి 14 స్టెరాయిడ్ లేపనాలను వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడదన్న జాబితాలోకి తెచ్చింది. చట్టం వచ్చింది సరే, అడగకుండా కొనకపోవడం మన చేతిలో ఉంది. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లుంటే అది స్టెరాయిడ్ అని గుర్తు. ఇప్పటికే చాలాకాలం రాసినవాళ్ళు ఒక్కసారిగా ఆపెయ్యకుండా వైద్యుల సలహాతో తగ్గించుకోవాలి.

మరి జుట్టు రంగు? నుదుటి మీది కథే తలమీద కూడా జరుగుతుంది. నల్లరంగుల్లో చాలావాటిలో పారా ఫినిలిన్ డయమిన్ అనే పదార్థం ఉంటుంది. అది పడకపోతే తలకంటే ముందు కనురెప్పలు ఉబ్బుతాయి, చెవుల వెనక రసి కారుతుంది. రాసింది తలకి, వాచింది కళ్ళు కాబట్టి ఎవరూ రంగుని అనుమానించరు. "మాది హెన్నా, ఏమీ కాదు" అంటారు కొందరు. గోరింటాకు ఎర్రగా పండుతుంది గాని నల్లగా పండదు. గంటలో జుట్టుని నల్లగా చేసే "నల్ల హెన్నా" అంటే అందులో ఇంకేదో కలిసిందన్నమాట, చాలాసార్లు ఈ రసాయనమే. అట్ట మీద చదవండి. కొత్త రంగు వాడే ముందు చెవి వెనక చుక్క పెట్టి రెండు రోజులు ఆగండి. ఒకసారి కళ్ళు వాచినవాళ్ళు మాత్రం ఇంట్లో మళ్ళీ పరీక్షించవద్దు, వైద్యుల దగ్గరే చేయించుకోవాలి. జుట్టు రంగు పడనివాళ్ళలో కొందరికి ఎర్రని అజో రంగులు కూడా పడవు. రెంటికీ రసాయనిక బంధుత్వముంది. ఆ సంగతి కూడా వైద్యులకి చెప్పండి.

ఇప్పుడు మా వదినగారి ప్రశ్నకి వద్దాం. బొట్టు మానాలా?

మానవలసింది ఆ పదార్థాన్ని, బొట్టుని కాదు. పరీక్ష జరిగి, మచ్చ తగ్గేదాకా ఆ చోటుని ఖాళీగా ఉంచి, కాస్త పైన వేరే బొట్టు పెట్టుకోవచ్చు. పూర్వం మన ఇళ్ళలో సగ్గుబియ్యం నల్లగా మాడ్చి, నీళ్ళుపోసి కాచి, కొబ్బరిచిప్పలో ఆరబెట్టి చాదు చేసేవారు. చంటిపిల్లలకీ పెట్టేవాళ్ళం. అందులో రసాయనిక రంగు లేదు, జిగురు లేదు. గంధం బొట్టూ పెట్టుకోవచ్చు. రంగు పడనివాళ్ళు ఇంటి కుంకుమకి మారవచ్చు గాని, పసుపు కూడా పడనివాళ్ళు అరుదుగా ఉంటారు. అందుకని ఏ కొత్తదైనా ముందు మోచేతి మడత దగ్గర రోజుకి రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూసుకోండి. దురద, ఎరుపు లేకపోతే నుదుటికి పెట్టుకోండి. ఏ బొట్టయినా రాత్రి పడుకునే ముందు తీసి, మెల్లగా కడుక్కోండి. గీకవద్దు, నిమ్మకాయ రుద్దవద్దు. నల్లమచ్చ ఉన్నవాళ్ళు ఎండలో గొడుగు మరచిపోవద్దు, ఎండ తగిలితే నలుపు ముదురుతుంది. బజారు కుంకుమ కొంటే ఏమేమి కలిపారో అట్ట మీద రాసినదే కొనండి.

పేరంటంలో ఎవరయినా ముత్తయిదువ "నాకు కుంకుమ పడదమ్మా" అంటే బలవంతం చెయ్యకండి. మంగళసూత్రానికి అద్దండి, లేదా గంధం పెట్టండి. ఆవిడ గౌరవం, మన ఆచారం రెండూ నిలబడతాయి. "శుక్రవారం పూట కుంకుమ వద్దంటావా?" అని పెద్దవాళ్ళు దెప్పితే, ఆ మాటకి భయపడే ఎంతోమంది మచ్చలు దాచుకుంటున్నారు.

వదినగారిని పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. పట్టీ తీసిన రోజు, ఆవిడ సొంత భరిణెలోని కుంకుమ ఉన్న గడి ఎర్రగా పొంగి ఉంది. పసుపు గడి కింద ఏమీ లేదు. స్టిక్కరు బొట్టు వెంటనే ఆపించారు, ట్యూబు మెల్లగా మాన్పించి, తెలుపుకి వేరే లేపనం ఇచ్చారు. "తెలుపు అంతా పోతుందని మాట ఇవ్వలేను, కొందరికి పూర్తిగా రంగు తిరిగొస్తుంది, కొందరికి కొంతే వస్తుంది. ఇంకా ముందు రావలసింది" అన్నారు డాక్టరుగారు. ఆరు నెలలకి తెల్లని చోట ఆవగింజలంత రంగు చుక్కలు తేలాయి. ఇంకా పూర్తిగా కలవలేదు. నలుపు సగమే తగ్గింది. శ్రీరామనవమికి కల్యాణం చూడటానికి కనుబొమలకి పైన చాదు బొట్టు పెట్టుకుని వచ్చారు. అక్కడ ఎవరూ ఆవిడని ఏమీ అడగలేదు.

మీ నుదుటి మీద గాని, మీ అత్తగారి, అమ్మాయి నుదుటి మీద గాని ఇటువంటి మచ్చ ఉంటే ఈ వారంలోనే ఆ భరిణె చేతపట్టుకుని బయలుదేరండి. రెండేళ్ళు దాచిన మచ్చకంటే రెండు నెలల మచ్చ త్వరగా మానుతుంది.